దిల్‌సుఖ్‌నగర ప్రాంతపు పల్లెలు – వాని పేర్లు

హైదరాబాదునకు తూర్పున, మూసీనదికి దక్షిణమున, విజయవాడకు బోవు రాజమార్గమున కిరువైపుల నేడు ఎడతెగక కానవచ్చు దిల్‌సుఖ్‌నగర, లాలుబహదూరునగరము లున్న చోట ఒకప్పుడు కొత్తపేట, గడ్డిఅన్నారము, సరూరునగరము, కర్మన్‌ఘాట్, నాగోలు మున్నగు పల్లెలును, వాని నడుమ పొలములును మాత్రమే యుండెను.

ఇచటి జనవాసము మిక్కిలి ప్రాచీనము. చైతన్యపురి యొద్ద కోసగుండ్ల నరసింహస్వామి యాలయము చెంత నొక శిలపై ప్రాకృతభాషయందు బ్రాహ్మీలిపిలో శాసనము కలదు. అందు గోవిందరాజవిహారము పేర్కొనబడినది. ఆ గోవిందరాజు విష్ణుకుండిన గోవిందవర్మయనియు, శాసనము క్రీ. శ. ఐదవ శతాబ్దిదనియు సాధారణముగా నెంచెదరు. చార్మినారు (1591) కంటెను వేయేండ్లు ముందే యిచట భిక్షువులు వసించి రన్నమాట.

ఈ విహారమును జూచి, అన్నారమను పేరి తుది భాగము ‘ఆరామ’ శబ్దభవమని చెప్ప నుత్సాహము కలుగును. నాకును గలిగినది. కాని ‘వరము’ అను నుత్తరపదము ‘ఆర’మగుట తెలంగాణమున సామాన్యము, అన్నవరము అన్నారమగుటకు బౌద్ధుల సాయ మక్కరలేదు. సామీప్య మొక్కటియే వ్యుత్పత్తికి ప్రమాణము కాజాలదు. కర్మన్‌ఘాట్ పేరునకు ఔరంగజేబును జేర్చి చెప్పు ‘కర్ మన్ ఘట్’ కథయు పేరునుండి పుట్టిన కథయే గాని, కథనుండి పుట్టిన పేరుగా దోపదు.

దిల్‌సుఖ్‌రా మను భూస్వామి తన పొలమును ఇండ్ల స్థలములుగా విభజించుటచే దిల్‌సుఖ్‌నగర మేర్పడెను. దిల్ పారసీకము, సుఖ, నగరములు సంస్కృతములు. మన బడులలో వైరిసమాసమని కొట్టివేయదగిన యీ మాటను జనులు ఏ సంకోచమును లేక పలుకుచున్నారు. లాలుబహదూరుశాస్త్రిగారి పేరైతే ‘ఎల్.బి.’ యను రెండక్షరములలో నణగిపోయినది.

లాలుబహదూరునగర పురపాలకమునందు 2001 జనాభా లెక్కలలో రెండు లక్షల అరువదివేలకు పైబడి జనులుండిరి. 2007లో నది మహానగరపాలక సంస్థలో విలీనమాయెను. నల్లగొండ, ఖమ్మము, కృష్ణా, గుంటూరు సీమలనుండి రాజమార్గము వెంట వచ్చినవారి వలన నిచట తెలుగు పలుకుబళ్లు పెక్కులు కలిసినవి. కొత్తపేటలో దశాబ్దములు నడచిన పండ్ల అంగడి బాటసింగారమునకు తరలినది.

2018 సెప్టెంబరులో మెట్రోరైలు లాలుబహదూరునగరము దాక వచ్చెను. కొత్తపేటలోని స్టేషనునకు విక్టోరియా మెమోరియల్ అని పేరిడిరి. కొత్తపేట పేరు ఆ మార్గమున నెచటను లేదు. కాలనీకొక కొత్త పేరు పుట్టుచుండ, పల్లె పేర్లు భూమి దస్తావేజులయందును, వృద్ధుల నోళ్లయందును మిగులుచున్నవి. ఆ పరిసరముల పండితులు తమ విద్యార్థులచే చెరువులు, బావులు, చేల పేర్లను వృద్ధులనుండి వ్రాయింపవలెను. శాసనశిల యెట్లో పదునైదు శతాబ్దులు నిలిచినది. నోటిమాట కంతటి యాయువు లేదు.