ఓడిన తిరుగుబాటుకు తరగని భక్తులు

ప్రతి సంవత్సరము జూన్ 5, 6 తేదీలు వచ్చునప్పటికి, ఒకరి ముఖము నొకరు ఎన్నడును చూచి యెరుగని యువతీయువకు లనేకులు దేశదేశములనుండి అంతర్జాలమున కూడుకొని, పారిస్ నగర వీథులలో 1832వ సంవత్సరమున ప్రాణములు విడిచిన కొందరు విద్యార్థుల వర్ధంతిని మిక్కిలి శ్రద్ధతో జరుపుకొందురు. దీనికి వారు పెట్టుకొన్న పేరు 'బారికేడ్ దినము'. ఆ దినమున వీరుల చిత్రములు గీయువారు కొందరు, వారి చివరి ఘడియలను తలచుకొని కథలు వ్రాయువారు కొందరు, మూడు రంగుల ఫ్రెంచి పట్టీపువ్వును చొక్కాకు తగిలించుకొని పాటలు పాడుకొనువారు మరికొందరు. విచిత్ర మేమనగా, ఇంతటి శ్రద్ధకు పాత్రులైన ఆ విద్యార్థులలో ఒక్కరును ఈ భూమిమీద పుట్టినవారు కారు. వారందరు విక్టర్ హ్యూగో రచించిన 'లే మిజరాబ్ల్' నవలలో పుట్టి, దాని ఆధారముగా వెలసిన సంగీతనాటకములో పాడి, ఆ పాటతోనే లోకమంతట వ్యాపించిన కల్పిత పాత్రలు. కాని వారు మరణించినట్లు చెప్పబడిన ఆ తిరుగుబాటు మాత్రము కల్పితము కాదు.

ఈ నాటకము 1789 నాటి ఫ్రెంచి మహావిప్లవమును గూర్చిన దని తలచువారు నేటికిని కోకొల్లలు. ఎర్ర జెండాలను, తుపాకులను, పారిస్ వీథులను రంగస్థలముమీద చూచినవారికి బాస్టీలు కోటయు గిలటిన్ యంత్రమును స్మృతికి వచ్చుట సహజమే. అందుచేత ఈ నాటకాభిమానుల సంఘమున అడుగిడిన క్రొత్తవారికి పెద్దలు నేర్పెడి మొదటి పాఠము ఇదియే: ఇది రాజును దించి చరిత్రగతిని మార్చిన మహావిప్లవ కథ కాదు, రెండు దినములలో అణగారి, పాఠ్యపుస్తకములలో ఒక వాక్యమునకు మించి చోటు దక్కని చిన్న తిరుగుబాటు కథ.

ఆ తిరుగుబాటుకు మూలము 1830 జూలైలో ఉన్నది. మూడు దినముల వీథిపోరాటముతో పదవ చార్లెస్ రాజును వెడలగొట్టిన పారిస్ ప్రజలు గణతంత్రము వచ్చునని ఆశించిరి. వచ్చినది లూయీ ఫిలిప్ అను మరియొక రాజు. రక్తము చిందించినవారు శ్రామికులు, ఫలము ననుభవించినవారు ధనికులు అను నిష్ఠురము పేటపేటలను వ్యాపించెను. దానికి ఆహారపదార్థముల ధరలు తోడయ్యెను. దానిపై 1832 మార్చి కడపట కలరా మహమ్మారి పారిస్ నగరమున ప్రవేశించి, ఆ యొక్క నగరములోనే 18,000 మందికి పైగా పొట్టను బెట్టుకొనెను. సర్కారువారే బావులలో విషము కలిపించిరను వదంతి పుట్టి, అనుమానితులను జనులు వీథులలో కొట్టి చంపిన ఘటనలును జరిగినవి. రోగమునకు ధనికుడు పేద యను వివక్ష లేకపోయినను, మృతులలో పేదల పాలే పెద్దది. ప్రధానమంత్రి కాసిమీర్ పెరియే సైతము మే 16వ తేదీన దానికి బలి యయ్యెను. పిదప జూన్ 1వ తేదీన జనరల్ లమార్క్ మరణించెను. నెపోలియన్ సేనలో పేరుగన్న యోధుడై, శాసనసభలో పేదల పక్షమున గొంతెత్తిన ఆ వృద్ధుని యెడల జనులకు గల గౌరవము అపారము.

జూన్ 5వ తేదీన లమార్క్ అంతిమయాత్ర మహాజనసముద్రముగా మారి ఆస్టర్లిట్జ్ వంతెన సమీపమునకు చేరెను. వయోవృద్ధుడైన సేనాని లఫాయెట్ ఉపన్యసించి జనులను శాంతపరచుటకు యత్నించుచుండగా, ఎర్ర జెండా యొకటి గుంపునడుమ పైకెత్తబడెను. ఎవరు మొదట కాల్చిరో గాని తుపాకులు మ్రోగినవి. సాయంకాలమునకు నగరపు నడిబొడ్డునను తూర్పు పేటలలోను బండ్లను, పీపాలను, నేలనుండి పెకలించిన రాళ్లను పేర్చి కట్టిన అడ్డుగోడలు, అనగా బారికేడ్లు, లేచినవి. మరునాడు లోబో సేనాపతి సైన్యములు ఒక్కొక్క వీథిని వశపరచుకొనుచు వచ్చి, తుదకు సాన్ మెరీ మఠప్రాంగణమువద్ద నిలిచిన చిన్న దళమును ఫిరంగులతో ముట్టడించెను. అక్కడ నాయకత్వము వహించిన షార్ల్ జాన్ అనువాడు తూటాలు అయిపోయినపిమ్మట మిగిలిన కొలదిమందితో బాయ్‌నెట్లు పట్టుకొని సైనికుల వరుసలను చీల్చుకొని బయటపడెను. తరువాత పట్టుబడి, ద్వీపాంతరశిక్ష పొంది, 1837లో చెరసాలలో ఉండగనే మరణించెను. రెండు పక్షములయందును హతులు, క్షతగాత్రులు కలిసి ఇంచుమించు 800 మంది. రాజు సింహాసనము కదలలేదు. గెలిచినవారు మరచిపోయిరి, ఓడినవారిలో మిగిలినవారు చెరసాలలకు పోయిరి.

ఆనాడు హ్యూగో వయస్సు ముప్పది సంవత్సరములు. ఆయన ట్యూలరీ ఉద్యానవనమున కూర్చుండి ఒక నాటకము వ్రాసికొనుచుండగా తుపాకుల మ్రోత వినబడెననియు, శబ్దము వచ్చిన దిక్కునకు నడిచిపోయి రెండు పక్షముల తూటాల నడుమ చిక్కి, గోడ నానుకొని ప్రాణములు కాచుకొనెననియు చెప్పుదురు. అప్పటికి ఆయన తిరుగుబాటుదారుల పక్షమువాడు కాడు. పైగా 1845లో అదే లూయీ ఫిలిప్ ఆయనకు ప్రభుసభలో స్థానమిచ్చెను. 1848 జూన్ నాటి శ్రామికుల తిరుగుబాటు సమయమున శాసనసభా ప్రతినిధిగా బారికేడ్లను తొలగింపజేయుటకు పంపబడినవారిలో ఆయనయు ఒకడు. అట్టి మనుష్యుడు, 1851లో నాటి అధ్యక్షుడు లూయీ నెపోలియన్ రాజ్యాంగమును కూలద్రోసి అధికారమును కబళించినప్పుడు ఎదిరించి, ప్రవాసియై, గెర్న్‌సీ ద్వీపమున సముద్రమునకు ఎదురుగా నున్న మేడగదిలో నిలుచుండి వ్రాయుచు, ఎన్నడో మూలబెట్టిన వ్రాతప్రతిని మరల చేపట్టి, తాను ఒకప్పుడు సమర్థింపని ఆ బారికేడ్‌ను మానవజాతి ధర్మక్షేత్రముగా మలచెను. 1862లో నవల వెలువడెను. ఇది కేవలము కరుణతో పుట్టిన గ్రంథము కాదు. ఒక మహాకవి తన గతమునకు చెల్లించిన ఋణము.

ఆ నవల సంగీతనాటకమగుటకు మరి నూరేండ్లు దాటి పట్టెను. అలెన్ బూబ్లీల్ అను ఫ్రెంచి గీతరచయిత లండనులో 'ఆలివర్' నాటకము చూచుచు, అందలి దొంగపిల్లవానిలో హ్యూగో సృష్టించిన గవ్రోష్ పోలికను కనిపెట్టెను. అక్కడ పుట్టిన ఆలోచనకు క్లోడ్ మిషెల్ షోన్‌బెర్గ్ సంగీతము కూర్చెను. 1980లో పారిస్ క్రీడాభవనమున ఆడినది గాని, కొలది నెలలకే తెరపడెను. దాని రికార్డు చేజిక్కిన కామెరాన్ మెకింటాష్ అను లండన్ నిర్మాత రాయల్ షేక్‌స్పియర్ కంపెనీతో చేతులు కలిపి, హెర్బర్ట్ క్రెట్జ్‌మర్‌చేత ఆంగ్లగీతములు వ్రాయించి, 1985 అక్టోబరు 8వ తేదీన బార్బికన్ రంగశాలలో ప్రదర్శన మారంభించెను. మరునాటి పత్రికలలో విమర్శకులు తీవ్రముగా దుయ్యబట్టిరి. అదే దినమున టిక్కెట్ల కిటికీవద్ద జనులు బారులు తీరిరి. నలుబది సంవత్సరములు గడచినను లండనులో ఆ నాటకము ఆడుచునే యున్నది. న్యూయార్కులో 1987లో మొదలై 6,680 ప్రదర్శనలు నడచినది. ఇరువదికి పైగా భాషలలోనికి వెళ్లినది.

ఆ తొలి ప్రదర్శన రూపములో ఒక్క దృశ్యమును దగ్గరగా చూచినచో అభిమానుల భక్తికి మూలము తెలియగలదు. ఇరుప్రక్కలనుండి రెండు చెత్తగుట్టలవలె జరిగివచ్చిన కట్టెలు, కుర్చీలు, బండిచక్రములు నడుమ కలిసికొని బారికేడ్ అగును. కడపటి పోరు ముగిసి, పొగ క్రమ్మి, మాట లేక సంగీతము మాత్రమే మిగిలినప్పుడు, రంగస్థలపు గుండ్రని నేల మెల్లగా తిరుగును. అంతవరకు మనవైపు నిలిచిన వీరులు ఆవలివైపున ఏమైరో అప్పుడు కనబడును: నాయకుడైన ఆంజొల్రా ఎర్ర జెండామీద తలక్రిందుగా వాలి యుండును, క్రిందను బాలుడు గవ్రోష్. లండన్ ప్రదర్శనలో 2019 తరువాత ఆ తిరుగు నేలను తీసివేసి, హ్యూగో గీసిన చిత్రముల ఛాయలతో క్రొత్త అలంకరణ చేసినప్పుడు, పాత అభిమానులు ఆప్తబంధువును పోగొట్టుకొన్నవారివలె దుఃఖించిరి. మన పద్యనాటకములలో కాటిసీను పద్యమునకు 'వన్స్ మోర్' కొట్టిన తాతతండ్రుల రసికత నెరిగినవారికి ఈ దుఃఖము వింతగా తోచదు. కథ తెలియకనా వారు కూర్చున్నది? తెలిసిన దుఃఖమును మరల ననుభవించుటకే కూర్చున్నారు. రసములన్నిటికి కరుణమే మూలమని భవభూతి నిర్ణయించెను. వీరమునకు అది ఎంత చక్కగా ఒదుగునో ఈ నాటకము నిరూపించినది.

ఐతే కన్నీరుతో ఆగిపోయినచో ఈ అభిమానము చరిత్రవ్యాసమునకు ఎక్కవలసినంతటిది కాదు. నాటకములో విద్యార్థులు ఒక్కొక్కరికి దక్కినవి నాలుగైదు పంక్తులు మాత్రమే. ఆ మెరుపును చూచి తృప్తిపడక, వీ రెవరు అని తెలిసికొనగోరినవారు నవలలోనికి దిగిరి. ఆ గ్రంథముయొక్క బరువును బట్టి అభిమానులు దానిని ముద్దుగా 'ఇటుక' అని పిలుచుకొందురు. 365 అధ్యాయములు గల ఆ ఇటుకను దినమున కొక అధ్యాయము చొప్పున సంవత్సరమంతయు పారాయణము చేయువారు వారిలో కలరు. అక్కడ వారికి విసనకర్రలు చేసి పొట్టపోసికొనుచు, తనంతట తానే చదువు నేర్చుకొని, పోలండ్ దేశపు స్వాతంత్ర్యమునకై తపించిన ఫెయ్యీ కనబడెను. ఇరువదియైదేండ్లకే బట్టతల వచ్చి, పట్టినదెల్ల మన్నయినను నవ్వుచుండు బోసుయె కనబడెను. దేనియందును విశ్వాసము లేని త్రాగుబోతు గ్రాంతేర్ కనబడెను. పోరాటమంతయు మత్తులో నిద్రించి, అంతయు నిశ్శబ్దమైనపిమ్మట మేల్కొని, తుపాకుల కెదురుగా ఒంటరిగా నిలిచిన ఆంజొల్రా ప్రక్కకు నడిచివచ్చి, అతని చేయి పట్టుకొని గుండ్ల కెదురునిలిచిన ఆ గ్రాంతేర్ మరణము రంగస్థలముమీద అట్లు కనబడదు. పుటలు తిరుగవేసినవారికే దక్కినది. 2012లో వచ్చిన చలనచిత్రమున ఆ దృశ్యము చేరినప్పుడు గ్రంథపాఠకులు పొందిన ఆనందమునకు మేర లేదు. అటుపిమ్మట వారిలో కొందరు నవలనుండి చరిత్రలోనికి నడిచి, లమార్క్ ఎవరు, సాన్ మెరీ ఎక్కడ, షార్ల్ జాన్ ఏమయ్యెను అని వెదకుట ఆరంభించిరి. చరిత్రకారులు పిలువగా రాని పాఠకులను పాట తీసికొనివచ్చినది.

ఈ భక్తికి గల హద్దును కూడ చెప్పవలెను. నవలలోని బారికేడ్‌మీద విద్యార్థులు ముందు నిలిచిరి గాని, నిజమైన 1832 బారికేడ్లమీద నిలిచినవారిలో అత్యధికులు తాపీపనివారు, వడ్రంగులు, చేతివృత్తులవారు, కూలీలు. వారికి గీతములు లేవు, అందమైన ఎర్ర కోట్లు లేవు, అభిమానులును తక్కువ. ఇంకొక వైపరీత్యము: 2023 అక్టోబరు 4వ తేదీన లండన్ ప్రదర్శనలో జనులను పోరాటమునకు పిలుచు పాట సాగుచుండగా, వాతావరణ రక్షణకై ఉద్యమించు కొందరు రంగస్థల మెక్కి నినాదములు చేసిరి. ప్రేక్షకులు వారిని ఎగతాళి చేసి అరచిరి. పోలీసులు అరెస్టు చేసిరి. ఆనాటి ఆట ఆగిపోయెను. ఉద్యమకారుల పద్ధతి సరియా కాదా యనుట వేరు మాట; కాని తిరుగుబాటును డబ్బిచ్చి చూడవచ్చినవారికి, టిక్కెట్టు లేని తిరుగుబాటు రుచింపలేదు. దీనికి ప్రతిగా అదే పాట 2014లోను 2019లోను హాంకాంగ్ వీథులలో నిజమైన నిరసనకారుల గొంతులలో మ్రోగినదని కూడ మరువరాదు. పాట ఒక్కటియే, పాడువాడు దేనిని పణముగా ఒడ్డుచున్నాడు అనుదానిని బట్టి దాని విలువ మారును.

తెలుగువారికి ఈ కథ క్రొత్తది కాదు. 1950లో చిత్తూరు నాగయ్యగారు కథానాయకుడుగా 'బీదల పాట్లు' చిత్రముగా వచ్చి, నవలానాయకుడైన జాన్ వాల్జాన్ దుఃఖమును మన యింటి దుఃఖముగా చేసినది. ఐనను ఆనాడు మనకు చేరినది రొట్టె దొంగిలించిన దైన్యమే గాని, బారికేడ్‌మీది విద్యార్థులు కారు.

కావున ఈ అభిమానులను పనిలేనివారి వెర్రియని తీసివేయుట అన్యాయము. గెలిచినవారి చరిత్రను కాపాడుటకు విగ్రహములును పాఠ్యపుస్తకములును కలవు. ఓడినవారికి మిగిలినది ప్రేమించువారి జ్ఞాపకశక్తి మాత్రమే. ఆ ప్రేమ పాటతో మొదలై పుస్తకమునకు, పుస్తకమునుండి చరిత్రకు, చరిత్రనుండి పేరు లేని తాపీపనివానివరకు నడచినప్పుడే అది భక్తి. పాటతోనే ఆగినచో వినోదము. ఈ నాటకము చూచినవారు, పాటలు విన్నవారు, కనీసము హ్యూగో నవలను ఒక్కసారి పూర్తిగా చదువవలెనని నా మనవి. దినమున కొక అధ్యాయము చదివినను ఒక్క సంవత్సరములో పూర్తియగును.