295 డాలర్ల కిటుకు

హైదరాబాదు మైత్రీవనం దగ్గర నిలబడి తలెత్తితే ఆకాశం కన్నా ముందు బోర్డులే కనిపిస్తాయి. జావా, పైథాన్, ఫుల్ స్టాక్, డేటా సైన్స్. ఏ ఇన్‌స్టిట్యూట్ కరపత్రం చూసినా విడి కోర్సుకు ఒక రేటు, ఇంకో రెండు కలుపుకుంటే ప్యాకేజీ రేటు. ఆదిత్య ఎన్‌క్లేవ్ సందుల్లో అలాంటి ప్యాకేజీ ముగించి అమెరికా చేరిన కుర్రాళ్లకు అక్కడ వారాంతం ఒక మస్టాంగ్ అద్దెకు తీసుకుని ఫొటో దిగడం ముచ్చట. సొంతానికి కొనేది మాత్రం పాత క్యామ్రీనో కరోలానో! పెద్ద ఇంజిను, కండలు తిరిగిన ఒళ్లు, మధ్యతరగతికి అందే ధర ఉన్న 1960ల అమెరికా బళ్లను మజిల్ కార్లన్నారు. వాటికి దారి తీసిన పాంటియాక్ జీటీఓ కూడా ఒక ప్యాకేజీగానే పుట్టింది. కొత్త ఇంజిను కనిపెట్టి కాదు, ఆర్డరు ఫారంలో ఒక గడి చేర్చి.

1963 జనవరిలో జనరల్ మోటార్స్ పెద్దలు తమ విభాగాలన్నిటికీ హుకుం జారీ చేశారు: ఇకమీదట రేసుల జోలికి పోవద్దు. పాంటియాక్ విభాగానికి ఇది గొంతులో వెలక్కాయ. అంతకుముందు పెద్దవాళ్ల బండిగా పేరుపడ్డ పాంటియాక్, 1956లో బంకీ నూడ్సెన్ పగ్గాలు పట్టాక రేసుల పుణ్యాన కుర్రకారు బండి అయింది. ట్రాక్ తలుపు మూసేస్తే ఆ పేరు ఎన్నాళ్లు నిలుస్తుంది?

చీఫ్ ఇంజినీరు జాన్ డెలోరియన్, ఆయన కింద పనిచేసే బిల్ కాలిన్స్, రస్ జీ ఒకరోజు టెంపెస్ట్ అనే మధ్యరకం బండిని లిఫ్టు మీద పెట్టి చూస్తున్నారు. అందులో ఉన్నది 326 ఇంజిను. పెద్ద పాంటియాక్‌లలో వేసే 389 ఇంజిను పైకొలతలూ, దాన్ని బిగించే చోట్లూ కూడా అవేనని కాలిన్స్ గుర్తుచేశాడు. అంటే ఆ పెద్దదాన్ని తెచ్చి ఇందులో దింపేయొచ్చు. 389 క్యూబిక్ అంగుళాలంటే సుమారు 6.4 లీటర్లు. మన అంబాసిడర్ ఇంజిను 1489 సీసీ. నాలుగు అంబాసిడర్లు కలిపినా ఇంకా తక్కువే.

అయితే ఇంకో అడ్డు ఉంది. మధ్యరకం బళ్లలో 330 క్యూబిక్ అంగుళాలు దాటిన ఇంజిను పెట్టకూడదన్నది సంస్థ నియమం. కొత్త మోడలంటే ఆమోదానికి పైకి పంపాలి, పంపితే తిరిగొచ్చేది కాదు. కాని కొనేవాడు కోరుకుంటే అదనంగా బిగించే సామానుకు పై అనుమతి అక్కర్లేదు. పామూ చచ్చింది, కర్రా విరగలేదు. టెంపెస్ట్‌లో కాస్త ఖరీదైన లెమాన్స్ రకానికి 295 డాలర్ల ఆప్షన్ ప్యాకేజీగా జీటీఓను చేర్చారు. పాంటియాక్ అధిపతి పీట్ ఎస్టెస్ సరేనన్నాడు. అమ్మకాల అధికారి ఫ్రాంక్ బ్రిడ్జ్ మాత్రం ఇది అమ్ముడుపోతుందంటే నమ్మక, 5,000కు మించి వద్దన్నాడు. 1964లో అమ్ముడైనవి 32,450.

ఆ 295 డాలర్లకు ఏమొచ్చేవంటే 325 హార్స్‌పవర్ ఇంజిను, రెండు సైలెన్సర్ గొట్టాలు, గట్టి స్ప్రింగులు, నేల మీంచి లేచే హర్స్ట్ గేర్ రాడ్డు, ఎర్ర గీత టైర్లు, జీటీఓ పేరున్న బిళ్లలు. బానెట్ మీద గాలి పీల్చేవాటిలా రెండు రంధ్రాలుండేవి కానీ వాటి నోళ్లు మూసే ఉండేవి. అసలు ఇంజినూ ఉత్తుత్తి అలంకారమూ ఒకే ప్యాకేజీలో వచ్చాయన్నమాట. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా ఆసక్తికరమైన సంగతి అదే. ఆ తర్వాతి అరవై ఏళ్ల వేరియంట్ల వ్యాపారమంతా ఆ రెండింటి మధ్యే నడిచింది.

పేరు కూడా సొంతం కాదు. ఫెరారీ 250 జీటీఓ నుంచి డెలోరియన్ నిస్సంకోచంగా ఎత్తుకొచ్చాడు. ఫెరారీ అభిమానులు మండిపడ్డారు, పాంటియాక్‌కు ఖర్చులేని ప్రచారం దక్కింది. 1964 మార్చిలో కార్ అండ్ డ్రైవర్ పత్రిక రెండు జీటీఓలను పోలుస్తూ ముఖచిత్ర కథనం వేసి, పాంటియాక్‌ను ఆకాశానికెత్తింది. ఆ పరీక్షకు పంపిన బండిలో ఉన్నది 389 కాదు, అంతకన్నా పెద్దదైన 421 ఇంజిను అని ప్రచారం నడిపిన జిమ్ వాంగర్స్ చాలా ఏళ్ల తర్వాత ఒప్పుకున్నాడు.

1964లో హైదరాబాదులో కారు కొనదలచినవాడి ముందున్నవి అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్. డబ్బు కట్టి వరుసలో ఎదురుచూడాలి. గడులూ ఆప్షన్లూ అడిగే పరిస్థితి లేదు.

అమెరికాలో మాత్రం పోటీ మొదలైంది. ఓల్డ్స్‌మొబైల్ తన పోలీసు బళ్ల ప్యాకేజీనే 442 పేరుతో జనానికి అమ్మింది. షెవ్రొలే 1967లో కమారోకు చేర్చిన జడ్28 అసలు ఆర్డరు పట్టీలోని ఒక కోడ్. తొలి ఏడాది తయారైనవి 602 మాత్రమే, అయినా ఆ కోడే బండి పేరై నిలిచింది. 1968లో ప్లిమత్ సంస్థ వార్నర్ బ్రదర్స్‌కు 50,000 డాలర్లు చెల్లించి, కార్టూన్ పక్షి రోడ్ రన్నర్ పేరూ బొమ్మా వాడుకుంది. ఆ పక్షి కూతలాంటి హారన్ కూడా పెట్టింది. లోపల కార్పెట్ కూడా లేని చవక బండి! కుర్రాళ్లు ఎగబడ్డారు. దాన్ని దెబ్బతీయాలని పాంటియాక్ చవక జీటీఓ ఒకటి మొదలుపెట్టి, రంగు పట్టీలు, వెనక రెక్క, కొత్త పేరు చేరుస్తూ పోయి, 1969లో మామూలు జీటీఓ కన్నా 332 డాలర్లు ఎక్కువ ధరకు 'ది జడ్జ్'ను విడుదల చేసింది. జీటీఓ ప్రకటనల నిండా పులి బొమ్మలే కాబట్టి, తర్వాత వచ్చిన ఉత్త స్టిక్కర్ల బళ్లను చూస్తే పులిని చూసి నక్క వాత పెట్టుకున్న సామెత గుర్తొస్తుంది.

ఇన్సూరెన్స్ ప్రీమియంలు పెరిగాయి, 1970లో వాయు కాలుష్య చట్టం వచ్చింది, 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి. 1966లో సొంత మోడలై ఆ ఏడే 96,946 బళ్లు అమ్ముకున్న జీటీఓ, 1972లో మళ్లీ లెమాన్స్ ఆప్షన్‌గా మారింది. 1974లో వెంచురా అనే చిన్న బండికి 200 హార్స్‌పవర్ ప్యాకేజీగా మిగిలి ఆగిపోయింది.

ఇక మన సంగతికొస్తే, ఫోర్డ్ 2016లో మస్టాంగ్‌ను మన దేశానికి తెచ్చినప్పుడు జీటీ ఒక్కటే తెచ్చింది, ఐదు లీటర్ల వీ8తో, దాదాపు 65 లక్షలకు. ఎంచుకునే బాధే లేదు. మిగతా మనందరం పంజాగుట్ట వైపు షోరూముల్లో ఎల్ఎక్స్ఐ, వీఎక్స్ఐ, జడ్ఎక్స్ఐ వేరియంట్ల పట్టికలు చూసుకుంటున్నాం. టాప్ ఎండ్‌కు అడిగే అదనపు లక్షలో బ్రేకులకూ ఎయిర్‌బ్యాగులకూ పోయేదెంత, బిళ్లలకూ లైట్లకూ పోయేదెంత అని సేల్స్‌మన్‌ను అడగడం మరవకండి.

అమెరికాలో స్థిరపడి, ఇప్పుడు ఏ 1964 జీటీఓనో ముచ్చటపడి కొనాలనుకునే మనవాళ్లకు ఒక మాట. ఆప్షన్ ప్యాకేజీ కనుక 1964, 1965 బళ్ల ఛాసిస్ నంబర్లో జీటీఓ అన్న గుర్తు ఉండదు, మామూలు లెమాన్స్ నంబరే ఉంటుంది. బిళ్లలు అతికించి జీటీఓగా అమ్మేవాళ్లున్నారు. ఫ్యాక్టరీ బిల్లు వివరాలు పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ దగ్గర దొరుకుతాయి. బయానా ఇచ్చే ముందు అవి తెప్పించుకోండి.