కోట లేని సీమనుండి కోటలకు

కోనసీమలో కొండ లేదు. కొండ లేనిచోట రాయి లేదు. గౌతమీ వసిష్ఠల నడుమ నున్న యీ భూమి యంతయు గోదావరి మోసికొనివచ్చిన యొండ్రుమట్టి. బావి త్రవ్వినను, పునాది తీసినను గునపమునకు బండ తగులదు. దేవాలయ స్తంభమైనను, వంటయింటి రుబ్బురోలైనను ఏరు దాటి రావలసినదే. అట్టి సీమలో శిలాదుర్గములను వెదకుట వ్యర్థము. కోనమండలము నేలిన హైహయుల కాలమునుండియు ఈ సీమకు గోదావరియే కందకము. వరద రోజులలో ఏ సేనయు దాటజాలని అంతటి కందకమును ఏ మహారాజు త్రవ్వింపగలడు?

కావున కోటను చూడగోరిన కోనసీమవాడు మొదట నది దాటవలెను. కాలినడకనో, సైకిలుమీదనో పోదలచినవానికి కాలువగట్టు దారి మిక్కిలి యనుకూలము. అమలాపురమునుండి కొత్తపేట, రావులపాలెము గడచి, లొల్ల లాకులు, ఆత్రేయపురము మీదుగా బొబ్బర్లంక చేరిన యెడల, ఆనకట్టమీదుగానే ధవళేశ్వరమునకు దారి గలదు. కాటన్ దొర 1847లో నారంభించి 1852లో ముగించిన పాత ఆనకట్ట స్థానమున నేడున్న బ్యారేజి 1982లో పూర్తియైనది. ఆత్రేయపురమున పూతరేకులకై ఆగువారు ఆగుదురుగాక; దానివలన చరిత్రకు లోపము రాదు.

రాజమహేంద్రవరము చేరి కోట యెక్కడనని యడిగినవానికి జనులు కోటగుమ్మము చూపుదురు. గుమ్మము పేరు కలదు గాని గుమ్మము లేదు. కందకం రోడ్డను పేరు కలదు గాని కందకము లేదు. రాజరాజనరేంద్రుడును, నన్నయభట్టారకుడును మెలగిన పట్టణము, వేమారెడ్డి సంతతివా రేలిన రాజధాని, ఇప్పుడు తన కోటను రెండు మూడు వీధిపేర్లలో దాచుకొని యున్నది. ఆంగ్లచరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ దీనిని నది యొడ్డున నున్న పెద్ద మట్టికోటగా వర్ణించెను. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధమున కర్నలు ఫోర్డునకును, ఆనందగజపతికిని ఓడిన ఫ్రెంచివారు ఈ కోటలో నిలువక గోదావరి దాటిపోయిరి. గోడకంటె నదినే వారు నమ్మిరనుట స్పష్టము.

మట్టికోట యనగానే చులకన చేయువారు కలరు. అది తగదు. 1757 జనవరి 24వ తేదీన బుస్సీ ఫిరంగుల నెదుర్కొన్న బొబ్బిలికోటయు మట్టికోటయే. ఆ గోడల నిర్మాణమును ఆర్మ్ శ్రద్ధగా వ్రాసియున్నాడు. పదునుచేసిన మట్టిని ఒక వరుస పెట్టి, అది యెండలో పూర్తిగా నారిన పిమ్మట దానిపై మరియొక వరుస పెట్టుచు గోడను లేపుదురట. కోనసీమలో మట్టిగోడ పెట్టించిన ప్రతి గృహస్థునకును ఈ పద్ధతి తెలియును. తొందరపడి పచ్చివరుసమీద వరుస పెట్టినవాని గోడ యేమగునో గూడ తెలియును. ఫిరంగిగుండు రాతిగోడను పగులగొట్టును, మట్టిగోడలో కూరుకొనిపోవును. మట్టికోటకు అసలైన శత్రువు ఫిరంగి కాదు, వానయు, పారయు.

పారయన్న మాట ఊరక యనినది కాదు. పాతకోటల దిబ్బలనుండి, పాడుపడిన యూళ్ల దిబ్బలనుండి పాటిమన్ను బండ్లకెత్తి చేలకు తోలుకొనుట తెలుగుదేశమున రైతులకు తరతరముల యలవాటు. బూడిద, ఎముక, పెంట కలిసి యుగములుగా మ్రగ్గిన మన్ను గావున పైరునకు మంచి బలము. రైతును తప్పుపట్టుటకు నోరు రాదు. కాని యా బండిలో పెంకులును, పూసలును, నాణెములును, ఒక్కొక్కప్పుడు శాసనపు ముక్కలును పోయినవి. ఇంగ్లండులో మాత్రము వేరుగా జరిగినదా? డార్సెట్ సీమలోని కార్ఫ్ దుర్గమును 1646లో పార్లమెంటు పక్షమువారు పగులగొట్టించగా, క్రిందనున్న గ్రామస్థులు ఆ రాళ్లతో ఇండ్లు కట్టుకొనిరి. నేడు కోటను చూడబోయినవారు ఊరి గోడలను గూడ చూచి వత్తురు.

ఆ దేశమున పల్లెటూళ్ల కోటలను నడిచియు, సైకిలెక్కియు చూచుట యొక సంప్రదాయమైనది. సైకిలుయాత్రికుల సంఘము 1878లోనే యేర్పడినది. పురాతన స్థలములను కాపాడు నేషనల్ ట్రస్టు 1895లో పుట్టినది. వంగవిభజన చేసి మన పెద్దల తిట్లు తిన్న కర్జన్ ప్రభువే, స్వదేశమున టాటర్షాల్, బోడియం అను రెండు దుర్గములను తన సొమ్ముతో కొని బాగుచేయించి, 1925లో మరణించునప్పుడు ఆ ట్రస్టునకు వ్రాసిపోయెను. మన దేశమున 1904 నాటి పురాతన కట్టడముల రక్షణచట్టము కూడ ఆయన కాలమునాటిదే. మనిషి యొకడే, పనులు రెండు విధములు. చరిత్రలో ఇట్టివి తఱచు. తరువాత అరేబియా యుద్ధమున పేరొందిన లారెన్సు విద్యార్థిగా నున్నప్పుడు, 1908 వేసవిలో ఫ్రాన్సు దేశపు కోటలకై సుమారు 2,400 మైళ్లు సైకిలు త్రొక్కెను. మరుసటి యేడు సిరియాలో కోటకు కోటకు నడుమ నడిచియే పోయెను. ఒక కోటనుండి మరియొక కోటకు ఒక దినపు నడక యెంతయో కాలికే తెలియును. బండిలో పోయినవానికి తెలియదు.

ఈ మాటయొక్క నిజము రాజమహేంద్రవరమునుండి కోరుకొండకు పోవునప్పుడు తేటపడును. దూరము సుమారు 20 కిలోమీటర్లు. మైదానమున నొంటిగా లేచిన కొండ చాల ముందుగనే కన్పట్టును. 1323లో ఓరుగల్లు పడిన పిమ్మట ఈ ప్రాంతమున తలయెత్తిన నాయకులలో ముమ్మడినాయకుడు ఈ కొండను తన స్థావరముగా జేసికొనెను. కోన, పానార మున్నగు సీమలు ఆతని యేలుబడిలో నుండినవని ఆతని కాలపు శాసనములవలన తెలియుచున్నది. అనగా కొండ లేని కోనసీమ యొకప్పుడు ఈ కొండవానికి లోబడి యుండినది! నేడు కొండపై లక్ష్మీనరసింహస్వామి కొలువై యున్నాడు. భక్తులు మెట్లెక్కి దర్శనము చేసికొని దిగుదురు. కోట యొకటి యుండెనని తలచువారు అరుదు.

రాజోలువైపువారికి మరియొక దారి గలదు. చించినాడ వంతెనమీద వసిష్ఠను దాటి, పాలకొల్లు మీదుగా బందరునకు పోవచ్చును. బందరుకోట కోనసీమవాడు చూచి తెలిసికొనదగిన కోట, ఏలయన అదియు మనవంటి నేలలోనిదే. కొండ లేదు, చుట్టును ఉప్పుటేఱులు, బురదయుండెను. ఫ్రెంచివారు బురదయే తమకు రక్ష యనుకొనిరి. 1759 ఏప్రిల్ 7వ తేదీ రాత్రి, కందకములో నీరు తక్కువగా నుండు పాటుసమయమును లెక్కించి, ఫోర్డు నడిరేయి దాడి చేయించెను. బురదలోనుండి యెవరు రాగలరని యుపేక్షించిన దిక్కున గూడ సిపాయీలు వచ్చి కాల్పులు జరపిరి. తెల్లవారునప్పటికి కోట పోయెను. పట్టుబడినవారి సంఖ్య పట్టుకొన్నవారి సంఖ్యకంటె నెక్కువ. మరుసటి నెలలో సలాబత్‌జంగు ఆంగ్లేయులతో సంధి చేసికొనెను. సముద్రపు పోటుపాట్లు మన యంతర్వేది పల్లెకారులకు వ్రేళ్లమీద లెక్క. ఆనాడు కోటలోని సేనానికి ఆ లెక్క పట్టలేదు. ఆ పిమ్మట 1864 నవంబరు 1వ తేదీ తుపానున సముద్రమే పట్టణముపై బడి సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొనినది. కొన్ని శిథిలములు మాత్రము నేటికిని నిలిచియున్నవి.

కోటలను గూర్చి మనవారు వ్రాసిపెట్టలేదనుట నిజము కాదు. కర్నలు మెకంజీ కొలువులో ఏలూరివారగు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు పనిచేసిరి; ఊరూర తిరిగి కరణముల దండకవిలెలను చూచి వ్రాయించిన కైఫీయతులు నేటికిని చరిత్రకారులకు ఆధారములు. వానిలో సంవత్సరములు శాసనములతో కుదరని పట్టులు పెక్కు గలవు. కొండవీటి దండకవిలెయే ఇందుకు సాక్షి. రెడ్డిరాజుల యేండ్లను దానినిబట్టి నిర్ణయింపబోయినవారు చిక్కులబడిరి. అయినను గుమ్మ మే దిక్కున నుండెను, చెఱువెవరు త్రవ్వించిరి, ఏ మాన్య మే గుడికి చెందెను అను విషయములలో పాతకరణము మాటను త్రోసివేయునప్పుడు కొంచెము తాళుట మంచిది. రాజుల వంశావళి వానికి వినికిడి. నేల వానికి చూచిన వస్తువు.

ఆ నేలయే ఇప్పుడు చేయి జారుచున్నది. ఊరి లెక్కలలో కోటదిబ్బ పోరంబోకుగా వ్రాయబడును. పోరంబోకు ఇండ్లస్థలములగును, దిబ్బ చదునగును, ఒక తరము గడచిన పిమ్మట పేరును మారును. పేరు పోయిన దిబ్బకు చరిత్ర వ్రాయుట చిలుకూరి వీరభద్రరావు పంతులవంటివారికి గూడ అసాధ్యము. కావున ఏటి ఆవలి యూళ్లకు పోవు యువకులు కోటదిబ్బ, పాటిదిబ్బ, కందకము, బురుజు అను పేర్లు చెవినిబడినచో అడిగి వ్రాసికొని రావలెను. ముసలివారిని అడుగునప్పుడు ముందుగా కథ చెప్పనిచ్చి, ఆ తరువాతనే హద్దు లడుగవలెను. హద్దులతో మొదలుపెట్టినచో భూమి తగాదాకు వచ్చినవారని తలచి నోరు మూయుదురు. పుష్యమాసమునుండి ఫాల్గుణము వఱకు ప్రయాణమునకు అనువైన కాలము. మధ్యాహ్నము తిరిగిన పిమ్మట సముద్రపుగాలి లేచును గావున ఉత్తరముగా పోవు సైకిలువారు భోజనానంతరమే బయలుదేరిన యెడల గాలి వీపునబట్టి బొబ్బర్లంక దాక త్రోసికొనిపోవును.