ఉడత మీదికి ఏ గుండు?

మన రైతుకి పందికొక్కులంటే ఎంత మంటో, అమెరికా పశ్చిమ రాష్ట్రాల రైతుకి నేల ఉడతలన్నా, బండల మధ్య ఉండే రాక్‌చక్‌లన్నా అంతే మంట. వీటిని వార్మింట్లు అంటారు. దూరం నుంచి వీటిని కొట్టడానికి సన్నగొట్టం రైఫిళ్ళు, వాటికి ఇంట్లోనే తూటాలు నింపుకోవడం ఇక్కడ కొందరికి పెద్ద వ్యాపకం. నేను తుపాకీ పట్టినవాణ్ణి కాదు. నాతో పనిచేసే ఒకాయన రోజూ లంచ్‌లో ఇదే గోల పెడుతుంటే దీని చరిత్ర వెతకడం మొదలుపెట్టాను. భలే ఉంది!

ముందొక మాట. తూటా అంటే ఇత్తడి కేసు, ప్రైమర్, మందు, మూతిలో గుండు - నాలుగూ కలిపి. కేసు మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు, గుండు మాత్రం ప్రతిసారీ కొత్తది కావాలి. దాని బరువు గ్రెయిన్లలో చెప్తారు. అన్నట్టు, మన తులాన్ని బ్రిటిష్‌వాళ్ళు 1833లో ఖాయం చేసింది 180 గ్రెయిన్లకే. అంటే 40 గ్రెయిన్ల గుండు తులంలో ఐదో వంతుకి కాస్త ఎక్కువ. అంతే!

1930లో వించెస్టర్ కంపెనీ .22 హార్నెట్ తూటాలు అమ్మకానికి తెచ్చింది. 1935లో .220 స్విఫ్ట్ వచ్చింది: 48 గ్రెయిన్ల గుండు, సెకనుకి 4,110 అడుగులు. ధ్వని వేగానికి మూడున్నర రెట్లు పైమాటే. అంత వేగంలో గుండు తగలగానే పొడైపోవాలి. లేదంటే రాయికి తగిలి ఎగిరి, పక్క పొలంలో ఆవుకో మనిషికో తగలొచ్చు. అందుకే పల్చటి రాగి తొడుగు, లోపల మెత్తటి సీసం.

ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం. రాగి, సీసం సైన్యానికి పోయాయి. 1943లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ అనే ఆయన, వాళ్ళ నాన్న లాండ్రీ వెనక గదిలో, పేల్చి పారేసిన .22 రిమ్‌ఫైర్ కేసులనే గుండు తొడుగులుగా నొక్కే అచ్చులు తయారుచేశాడు. ఆ సరంజామా పేరు 'రాక్ చక్ బులెట్ స్వేజ్'. ఆర్.సి.బి.ఎస్. అనే కంపెనీ పేరుకి అర్థం ఇదే! వెర్నన్ స్పియర్, జాయ్స్ హోర్నడీ కూడా ఇలాంటి ఖాళీ కేసులతోనే మొదలుపెట్టారు. హోర్నడీ 1949లో నెబ్రాస్కాలో సొంత కంపెనీ పెట్టాడు. ఆ కేసుల రేకు పల్చన కాబట్టి, గతిలేక వాడినదే ఉడతల వేటకి సరిగ్గా కుదిరింది.

ఇక అసలు చిక్కు గొట్టంలో ఉంది. లోపలి మెలిక చాళ్ళు గుండుని తిప్పుతాయి. 14 అంగుళాలకి ఒక చుట్టు ఉన్న పాత రైఫిల్లో పొడుగు గుండు నిలకడగా పోదు. 7 అంగుళాలకే ఒక చుట్టు ఉంటే, సెకనుకి 3,200 అడుగుల వేగంలో గుండు నిమిషానికి 3 లక్షల సార్లకి పైగా తిరుగుతుంది (లెక్క వేసి చూశాను). పల్చటి తొడుగైతే గాల్లోనే చీలిపోవచ్చు. కాబట్టి ముందు గొట్టం చూసి, తర్వాత గుండు ఎంచుకోవాలి.

ఇంతవరకూ ఇంజనీరింగే. కానీ పొడైన సీసం ఎక్కడికి పోతుంది? చచ్చిన ఉడతలోనే ఉంటుంది. దాన్ని తిన్న గద్దల ఒంట్లోకి చేరుతుంది. జింకల కళేబరాల్లో మిగిలిన సీసం ఇలాగే కాలిఫోర్నియా కాండర్ అనే పెద్ద రాబందుని దెబ్బతీసింది. 1982 నాటికి ఆ పక్షులు 22 మిగిలాయి. మన రాబందుల్ని పశువులకిచ్చే డైక్లోఫెనాక్ చంపింది, 2006లో దాన్ని నిషేధించారు. విషం వేరు, దారి ఒకటే: కళేబరం.

కాలిఫోర్నియా 2013లో చట్టం చేసి, 2019 జూలై 1 నుంచి వేటలో సీసం పూర్తిగా ఆపేసింది. సీసం లేని గుండ్లు వచ్చాయి. రాగి సీసం కన్నా తేలిక కాబట్టి అదే బరువుకి గుండు పొడుగవుతుంది. పాత గొట్టానికి అది నప్పదు, బరువు తగ్గించుకోవాలి. ఖరీదు కూడా ఎక్కువే. మా ఆఫీసాయన గొణుగుడంతా ఇదే.

ఆయన బాధ నాకర్థమవుతుంది. అయినా పక్క పొలంలో ఆవు క్షేమం కోసం పొడైపోయే గుండు కనిపెట్టినవాళ్ళు, ఆకాశంలో గద్ద కోసం ఇంకో నాలుగు గ్రెయిన్లు తగ్గించుకోలేరా? ఏమంటారు?