ప్రకృతి చికిత్స మన సీమకు వచ్చిన విధము

ఒక గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు నిలిచినప్పుడు, బీరువాలలో ఎన్ని పుస్తకములు చేరినవి, చందాదారులు ఎందరైరి అని లెక్కించుట పరిపాటి. ఆ లెక్క అవసరమే. కాని పుస్తకము ఇంటికి వెళ్లిన పిమ్మట ఆ యింట ఏమి మార్పు వచ్చెను అను ప్రశ్న అంతకంటె పెద్దది. తినెడు తిండిని, త్రాగెడు నీటిని, రోగి పడకను సైతము మార్చిన పుస్తకములు కొన్ని కలవు. ప్రకృతి చికిత్స అట్లు పుస్తకముల మూలముననే మన ఆంధ్రదేశమునకు వచ్చినది. దాని చరిత్రను గ్రంథాలయ రజతోత్సవ సంచికలో స్మరించుట ఉచితమని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

జర్మనీ దేశమున లైప్జిగ్ నగరమున లూయీ కూనే అను నతడుండెను. అతడు వైద్యకళాశాల మెట్లెక్కినవాడు కాడు. ఇరువదినాలుగేండ్లకు పైగా స్వంత కర్మాగారమును నడపుకొన్న సామాన్యుడు. తన వ్యాధులు వైద్యుల మందులకు లొంగక, జలచికిత్సవలన ఉపశమించినవని నమ్మి, కర్మాగారమును విడిచి, 1883 అక్టోబరులో ఒక చికిత్సాలయమును తెరచెను. అన్ని రోగములకును మూలమొక్కటే యనియు, అనుచితాహారమువలన కడుపులో పేరుకొను మలిన పదార్థమే ఆ మూలమనియు అతని సిద్ధాంతము. తొట్టిలో నడుము మునుగునట్లు కూర్చుండి చేయు కటిస్నానము, ఆవిరిస్నానము, సూర్యస్నానము, ఉప్పుకారములు లేని శాకాహారము, ఇవియే అతని ఔషధములు.

ఇచట మన జిల్లా చరిత్రలోని ఒక ముచ్చటను జ్ఞాపకము చేసికొనవలెను. అదే 1883వ సంవత్సరమున, నవంబరు మాసమున, అమెరికానుండి అన్నా కుగ్లర్ అను లూథరన్ మిషను వైద్యురాలు గుంటూరు చేరెను. పురుషవైద్యులకు చేయి చూపుటకు సంకోచించు స్త్రీలకు ఆమె వైద్యము చేసెను. ఆమె కృషి ఫలితముగా గుంటూరున వెలసిన ఆసుపత్రి నేటికిని ఆమె పేరుతోనే ప్రసిద్ధము. శస్త్రమును మందును నమ్మిన ఒక మార్గము, నీటిని పథ్యమును నమ్మిన ఒక మార్గము, రెండును ఒకే యేట రెండు ఖండములలో మొదటి అడుగులు వేసినవి. మొదటిది ఓడనెక్కి మనిషి రూపమున వచ్చినది. రెండవది పుస్తకరూపమున వచ్చినది.

కూనే గ్రంథమును ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మగారు 1894లో తెలుగున అనువదించిరి. మన దేశమున ప్రకృతి చికిత్సోద్యమ చరిత్ర వ్రాయువారు సాధారణముగా ఈ తెనుగు సేతతోనే మొదలుపెట్టుదురు. బిజనూరు వాస్తవ్యులు శ్రోత్రియ కిషన్ స్వరూప్ గారు హిందీ, ఉర్దూ భాషలలోనికి దానిని తెచ్చినది 1904లో. అనగా ఉత్తరదేశమునకు పదియేండ్లు ముందుగా తెలుగు చదువరికి ఆ విద్య అందినదన్నమాట. వైద్యుడు లేని పల్లెలో, రూపాయి ఖర్చు లేకుండ, బావినీటితోను ఒక తొట్టితోను చేసికొనదగిన చికిత్స యనగా జనులకు ఆశ కలుగుట సహజము. పైగా "లంకణము పరమౌషధము" అను సామెత మన పెద్దలకు క్రొత్తది కాదు. జ్వరము వచ్చిన పస్తుంచుట, పిదప పథ్యము పెట్టుట మన యిండ్లలో నున్నదే. కావున కూనే మాట పరదేశపు మాటవలె కాక తెలిసిన మాటవలెనే వినిపించినది.

ఇక మిరపసీమ వారమైన మనకు ఈ మతమున మ్రింగుడుపడనిది ఒక్కటే: కారము మానుట! మిరప మన నేలలో పుట్టినది కాదు. అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసు వర్తకులతో 16వ శతాబ్దమున హిందూదేశమున అడుగిడినది. అయినను నేడు గుంటూరు పేరు చెప్పిన లోకమునకు ముందుగా తోచునది మిరపయే. కారము పండించి బ్రతుకువారికి కారము మానుమని చెప్పు చికిత్స ఇచట వేళ్లూనుట ఒక వింత. దీనికి ముఖ్యకారణము గాంధీ మహాత్ముడు.

గాంధీజీ దక్షిణాఫ్రికాలో కూనే గ్రంథమును, ఆడాల్ఫ్ జస్ట్ వ్రాసిన మట్టిచికిత్సా గ్రంథమును చదివి, తనపై ప్రయోగించి చూచిరి. 1902 ప్రాంతమున బొంబాయిలో వారి కుమారుడు పదేండ్ల మణిలాలుకు సన్నిపాత జ్వరము తగిలెను. వైద్యుడు గ్రుడ్లు, కోడిపులుసు ఇమ్మనెను. గాంధీజీ సమ్మతింపక, కూనే పద్ధతిని కటిస్నానము చేయించి, నీటితో కలిపిన నారింజరసమిచ్చి, తడిదుప్పటి చుట్టి, రాత్రులు వేదనపడుచు సేవ చేసిరి. బాలుడు కోలుకొనెను. కాని ఆ జయము దైవకృపవలననా, జలచికిత్సవలననా, పథ్యముతోడి శ్రద్ధగల సేవవలననా అని నిశ్చయించి చెప్పజాలనని వారే ఆత్మకథలో ఒప్పుకొనిరి. ఆ సందేహమును దాచకుండుటలోనే వారి గొప్పతనము కలదు. ఆ కాలమున ఆ జ్వరమునకు సరియైన మందే లేదు. దానిని అణచు క్లోరాంఫెనికాల్ వాడుకలోనికి వచ్చినది 1948లో. కావున నాటి తండ్రి చేసిన పనిని నేటి తండ్రికి ఆదర్శముగా చూపరాదు.

1924 జనవరిలో గాంధీజీకి పేగువాపు వచ్చినప్పుడు పూనా ససూన్ ఆసుపత్రిలో కర్నల్ మేడక్ శస్త్రచికిత్స చేసెను. మట్టిపట్టీని అంతగా ప్రేమించిన మహాత్ముడే ఆ దినమున కత్తిని అంగీకరించెను. ప్రకృతి చికిత్సను గురించి మాటలాడువారు మణిలాలు కథను చెప్పునప్పుడు ఈ కథను కూడ చెప్పవలెను.

1945 నవంబరు 18వ తేదీన అఖిలభారత ప్రకృతి చికిత్సా సంస్థ ధర్మకర్తృత్వ పత్రముపై గాంధీజీ సంతకము చేసిరి. ఆ తేదీనే 2018 నుండి జాతీయ ప్రకృతి చికిత్సా దినముగా జరుపుచున్నారు. 1946 మార్చిలో పూనా సమీపమున ఉరులీకాంచన్ గ్రామమున చికిత్సాశ్రమమును నెలకొల్పిరి. ధనికులకు నగరములో గాక పేదలకు పల్లెలో ఈ సేవ దొరకవలెనని వారి కోరిక. అదే 1946లో మన గుంటూరున వైద్యకళాశాల వెలసినది. 1883 వలెనే ఈ సంవత్సరమున కూడ రెండు మార్గములును ప్రక్కప్రక్కన ముందడుగు వేసినవి.

తెలుగునాట ఈ దారిని నడచినవారు పెక్కురు. భీమవరమున వేగిరాజు కృష్ణంరాజుగారు ప్రకృతి ఆశ్రమమును నడపిరి. హైదరాబాదున బి. వెంకటరావుగారు 1949లో ప్రకృతి చికిత్సాలయమును స్థాపించిరి. దానిననుసరించి 1970 దశకారంభమున గాంధీ పేరిట కళాశాల వెలసి, ఈ విద్య క్రమపద్ధతి గల చదువైనది. మన బాపట్లలో 1926లో జన్మించి, గుంటూరు హిందూ కళాశాలలో బోధించిన ఎక్కిరాల కృష్ణమాచార్యులుగారు హోమియో వైద్యమును ఉచితసేవగా వ్యాపింపజేసి, ప్రార్థనను ధ్యానమును దానికి తోడుచేసిరి. ఇటీవల ఉండవల్లి వద్ద కృష్ణయొడ్డున మంతెన సత్యనారాయణరాజుగారి ఆరోగ్యాలయము పేరొందినది. చీనాదేశపు సూదిచికిత్స యగు ఆక్యుపంక్చరును 1959లో డాక్టరు బి. కె. బసు కలకత్తాకు తెచ్చిరి. అదియు నేడు ప్రకృతి చికిత్సా పట్టపు చదువులో ఒక పాఠము. ఈ విద్యలకు ప్రభుత్వమున ఆయుష్ అను పేరు 2003లోను, ప్రత్యేక మంత్రిత్వశాఖ 2014లోను ఏర్పడినవి.

ఇన్నియు ఆదరణ పొందినవి గదా, మరి వీనిలో నిలిచినదేది, తొలగినదేది? మితాహారము, నడక, నిద్ర, శుచియైన నీరు, మనశ్శాంతి, ఇవి నిలిచినవి. రక్తపుపోటు, మధుమేహము ముసరిన ఈ కాలమున వీనిని ఏ వైద్యుడును కాదనడు. "అన్ని రోగములకు మూలమొక్కటే, మందొక్కటే" అను సిద్ధాంతము మాత్రము నిలువలేదు. మలేరియా దోమవలన వ్యాపించుననియు, సన్నిపాతజ్వరమునకు సూక్ష్మజీవి కారణమనియు శాస్త్రము నిరూపించినది. కూనే టీకాలను ద్వేషించెను. గాంధీజీయు మెచ్చలేదు. కాని మశూచికమును ఈ దేశమునుండి 1975లోను, ప్రపంచమునుండి 1980 నాటికిని తరిమినది టీకాయే. అమ్మవారు పోసిన ముఖములను మన పెద్దలు చూచిరి. మన పిల్లలు చూడలేదు. ఈ ఒక్క సత్యము చాలును.

మన పొలములకు సంబంధించిన మాట ఒకటి మిగిలినది. ప్రకృతి చికిత్సలో మట్టిపట్టీకి నల్లరేగడి మట్టి శ్రేష్ఠమందురు. అది చల్లదనమును చాలసేపు నిలుపును. రాళ్లు, ఎరువులు, మందులు కలియని మట్టిని మూడు నాలుగడుగుల లోతునుండి త్రవ్వి, ఎండబెట్టి, జల్లించి వాడవలెనని నియమము. మన పత్తినేలయంతయు నల్లరేగడియే. కాని 1980 దశకమున పురుగుమందులు ఆ నేలపై వానవలె కురిసినవి. మందు కొట్టినకొలది పురుగు మొండిదై, తెల్లదోమ విజృంభించి, 1987-88లో పత్తి నాశనమై, గుంటూరు ప్రకాశము జిల్లాలలో అప్పులు తీర్చలేని రైతులు ప్రాణములు తీసికొనిరి. వారిలో పెక్కురు త్రాగినది చేనికి తెచ్చిన మందునే. దేహమునకు మందు కావలసిన మట్టి, దేహమునకు విషమైన మట్టిగా మారినది. కూనే కడుపులో వెదకిన మలినమును మనము పొలములో పోసికొంటిమి.

ఆ గాయము మానలేదుగాని దారి కనబడినది. ఖమ్మము జిల్లా పునుకుల గ్రామస్థులు రసాయనపు మందులు మాని, వేపగింజల కషాయముతోను ఇతరోపాయములతోను పత్తి పండించి, 2004 నాటికి ఊరంతయు ఆ పద్ధతికి వచ్చిరి. ఎండోసల్ఫానును 2011లో సర్వోన్నత న్యాయస్థానము నిషేధించెను. నేలకు చేయు ఈ ప్రకృతి చికిత్స మనిషికి చేయు ప్రకృతి చికిత్సకంటె ముందు జరుగవలసినది.

మందు కొట్టుచు కూలివాడు ఒడలు చెమర్చి, చూపు మసకబారి పడిపోయినప్పుడు మట్టిపట్టీయు, ప్రార్థనయు, సూదిపోటును అతనిని రక్షింపవు. తడిసిన బట్టలు విప్పి, ఒడలు కడిగి, తక్షణమే ఆసుపత్రికి చేర్పవలెను. అచట ఎట్రొపిన్ సూదిమందు కలదు. పాము కరచినను ఇదే మాట. ఈ వివేకము లేనివాడు ప్రకృతి చికిత్సకు మిత్రుడు కాడు.

1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినప్పటినుండి మన సీమలో ఊరూర గ్రంథాలయములు పుట్టినవి. అవి ఒక్క మతపు పుస్తకములనే దాచలేదు. వైద్యగ్రంథమును, దానిని ఖండించు గ్రంథమును ఒకే బీరువాలో నుంచినవి. 1894లో తెలుగు చదువరికి ఒక పుస్తకమే దొరకినది. నేటి చదువరికి రెండు ప్రక్కల వాదములును దొరకుచున్నవి. ఆరోగ్యమును గూర్చి ఒక పుస్తకము తీసికొని వెళ్లు సోదర సోదరీమణులు, దాని ప్రక్కనున్న రెండవ పుస్తకమును గూడ తీసికొని వెళ్లుదురు గాక. రెండును చదివినవాని యింట రోగికి మేలు జరుగును.