పదకొండు ఫ్లాపీలు, లినక్సు జ్ఞాపకశక్తి

నా బీరువాలో పదకొండు ఫ్లాపీలున్నవి. నాతో పనిచేసిన చరిత్రోపాధ్యాయులొకరు మా మండలములోని ఊరిపేర్లను, రెవిన్యూ లెక్కలకెక్కని పాడుబడ్డ పల్లెలతో సహా, 1990లలో సేకరించి వీటిలో భద్రపరచినారు. వారు గతించినారు. కాగితపు ప్రతి చెదల పాలైనది. వీటిని చదివించబోయి లినక్సు పూర్వచరిత్ర కొంత తవ్వుకున్నాను.

లైనస్ టోర్వాల్డ్స్ 1991 సెప్టెంబరులో వెలువరించిన 0.01లో ఫ్లాపీ డ్రైవరే లేదు. (చోదకమని వ్రాయవచ్చును గాని, నాకే నోరు తిరగదు.) డిసెంబరు నాటి 0.11లో అది ఉన్నది. ఆ ఫైలులోని వ్యాఖ్యలో ఆయన ఇదంతా గందరగోళమనీ, ఫ్లాపీలకు ప్రోగ్రాము వ్రాయడము తనకు గిట్టదనీ, తన వద్ద ఉన్నది కూడ ఒక్కటేననీ ఒప్పుకున్నారు. మన పీఠికాకర్తలలో ఇంత నిజాయితీ అరుదు!

సీడీ డ్రైవుల కథ మరీ చిక్కు. తొలినాళ్ళలో మిత్సుమిది ఒక దారి, సోనీది ఒక దారి, పానసోనిక్‌ది మరొకటి. కొన్నింటిని సౌండు కార్డుకు తగిలించవలసి వచ్చేది. ఒక్కొక్క దానికి ఒక్కొక్కరు డ్రైవరు వ్రాసినారు. అటాపీ అనే ఉమ్మడి పద్ధతి వచ్చిన పిమ్మట అవి మూలబడి, 2007లో కెర్నలు నుండి తొలగిపోయినవి. ఫ్లాపీకి ఆ గతి పట్టలేదు. 2019లో దాని సంరక్షకుని వద్ద పనిచేసే డ్రైవు లేకపోవడముతో టోర్వాల్డ్స్ దానిని అనాథగా ప్రకటించినారు. తరువాత డెనిస్ ఎఫ్రెమోవ్ దత్తత తీసుకున్నారు.

ఇక నా పని. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవును లినక్సు మామూలు డిస్కుగానే చూచును. పై డ్రైవరుతో దానికి నిమిత్తము లేదు. అది ఎనిమిదింటిని చదివినది. తక్కిన మూడింటికి అటకపైనున్న పాత యంత్రమును దింపితిని. అందులో డ్రైవరు తనంత తాను మేల్కొనలేదు. మోడ్‌ప్రోబ్ ఆజ్ఞతో లేపవలసి వచ్చినది. ఒక డ్రైవు చదవలేని దానిని మరొకటి చదువుట కద్దు, శిరస్సుల అమరికలో వెంట్రుకవాసి తేడా ఉండును గనుక.

ఫ్లాపీకి 80 వలయములు, రెండు ముఖములు, వలయమునకు 18 ఖండములు, ఖండమునకు 512 బైట్లు, వెరసి 14,74,560. డీడీరెస్క్యూ మొదట సులువుగా వచ్చేవి దించుకొని, మొండి ఖండములను చివరకు వదలును. ఎక్కడ ఆగినదీ వ్రాసుకొనును గనుక మరునాడు అక్కడి నుండే సాగించవచ్చును. మూడవనాటికి రెండు దిగినవి.

తెరచి చూస్తే అన్నీ పిచ్చిగీతలు! అది 1991 నాటి ఇస్కీ సంకేతము. అందులో తెలుగు ‘క’కూ, నాగరి ‘క’కూ 179 అన్న ఒకే సంఖ్య. యూనికోడులో మన లిపుల వరుస ఇస్కీ ననుసరించినదే గనుక మార్పిడి పట్టిక ఒక్క పుటలో సరిపోయినది.

పదకొండవ ఫ్లాపీ మాత్రము మధ్యలో తెగినది. పాడుబడ్డ పల్లెల జాబితాలో చివరి పేరు ‘చింతల’ వద్ద ఆగినది. ఆ తరువాతిది పూడియో, పాలెమో, వలసయో. మరొక పాత డ్రైవు దొరికితే మళ్ళీ ప్రయత్నిస్తాను.