గ్రామసభ తీర్మానం – పేదవాడి ఇల్లు



ఈ ప్రత్యేక సంచికకు సర్వీసులో చూసిన చరిత్ర ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరారు. పి.ఆర్.సి.ల చరిత్ర, డి.ఏ. బకాయిల చరిత్ర నాకంటే బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. పంచాయతీరాజ్ శాఖలో ముప్పై రెండేళ్లు, అందులో ఎక్కువ కాలం గుమస్తాగా గడిపిన నాకు గట్టిగా తెలిసిన విషయం ఒకటే. సర్కారు ఇళ్ల డబ్బు ఎవరికి చేరాలో చెప్పే హక్కు ఊరి జనానికి ఎప్పుడు, ఎలా వచ్చిందన్నది. అదే రాస్తున్నాను.

1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ నివేదిక వచ్చింది. 1959లో రాజస్థాన్ తర్వాత మన రాష్ట్రంలోనే పంచాయతీరాజ్ మొదలయింది. సమితులు రోడ్లు వేశాయి, బడులు కట్టాయి. పేదల ఇళ్ల సంగతి మాత్రం చాలాకాలం వెనకబడే ఉంది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తర్వాత తాటాకు గుడిసె అంటే ప్రాణాపాయమని అందరికీ తెలిసివచ్చింది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1983లో రామారావుగారి ప్రభుత్వం వచ్చాక పక్కా ఇళ్ల కార్యక్రమం జోరందుకుంది. 1985–86లో కేంద్రం ఇందిరా ఆవాస్ యోజన తెచ్చింది. 1989లో జవహర్ రోజ్‌గార్ యోజన వచ్చినప్పుడు ఆ నిధుల్లో నూటికి ఆరు వంతులు ఈ ఇళ్లకు కేటాయించారు. 1993–94లో దాన్ని పది వంతులు చేశారు.

డబ్బు లెక్క ఇలా ఉంటే, మనుషుల లెక్క వేరు. కోటా జిల్లా నుంచి మండలానికి, మండలం నుంచి ఊరికి దిగేది. పేర్లు ఎక్కడ తయారయ్యేవో మా ఆఫీసుల్లో పనిచేసిన వారికి నేను చెప్పనక్కరలేదు.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. మన పంచాయతీరాజ్ చట్టం 1994లో వచ్చింది. అందులో ఆరవ సెక్షను గ్రామసభది. ఓటరు జాబితాలో పేరున్న ప్రతివారూ సభ్యులే. ఏ పథకం, ఎక్కడ, ఎవరికి అన్నది ఆ సభ ముందు పెట్టాలి. చదివి నేను సంతోషించిన మాట నిజం.

ఇక నా తప్పు చెబుతాను. 1995 ఎన్నికల తర్వాత వచ్చిన శీతాకాలంలో ఒక ఊరికి పన్నెండు ఇళ్లు వచ్చాయి. మర్నాడు గ్రామసభ అనగా ముందురోజు సాయంత్రమే మినిట్సు పుస్తకం తెరిచి, "సభవారు సుదీర్ఘముగా చర్చించి ఏకగ్రీవముగా ఆమోదించిరి" అని నా చేత్తో రాసి, కింద పన్నెండు పేర్లు వేశాను. పేర్లు ఎవరిచ్చారన్నది ఇక్కడ అనవసరం, రాసింది నేను. మర్నాడు దండోరా వేసింది ఒక వీధిలోనే. రావిచెట్టు కింద నలభై మంది కూర్చున్నారు. జాబితా చదివాక, వెనక కూర్చున్న ఒక ముసలామె లేచి, "బాబూ, మొన్న గాలివానకి కూలిన ఇళ్లు మూడు. ఆ మూట్లో ఒక్కటీ నువ్వు చదవలేదే?" అంది. ఆమె అడిగింది తన కోసం కాదు, పక్కింటి కోసం. ఎవరో "కూర్చోవమ్మా" అన్నారు. ఆమె కూర్చోలేదు. "ఆ పుస్తకంలో నేనడిగినట్టు రాయి బాబూ" అంది.

రాయడానికి జాగా లేదు. తీర్మానం ముందే ముగిసి, కింద గీత కూడా గీసేశాను. వేలిముద్రలు తీసుకుని వచ్చేశాం. ఆ పన్నెండులో ఒకటి డాబా ఉన్నవారి తమ్ముడిది. నాకు తెలుసు.

1996లో ఇందిరా ఆవాస్ విడి పథకమయింది. మైదాన ప్రాంతంలో ఇంటికి 20 వేల రూపాయలు. మరుగుదొడ్డి, పొగలేని పొయ్యి కూడా ఉండాలన్నారు. (ఆ మరుగుదొడ్లలో చాలావాటిలో పిడకలు పెట్టుకున్నారు, అది వేరే కథ.) 1997లో జన్మభూమి వచ్చింది. అధికారులు ఊళ్లోకే వచ్చి సభలో అర్జీలు తీసుకునేవారు. ఆ కార్యక్రమం మీద ఎవరి అభిప్రాయం వారిది. నా మటుకు నాకు ఒక అవకాశం దొరికింది. అదే ఊళ్లో ఆ ఏడు సభకు ఖాళీ పేజీతో వెళ్లాను. ఎవరేమన్నారో అన్నీ రాశాను, అభ్యంతరాలతో సహా. నాలుగు పేజీలయింది. పై అధికారి చూసి "ఏమయ్యా, ఇది మినిట్సా, భారతమా?" అని విసుక్కున్నారు. అయినా రాతలో ఉన్న అభ్యంతరాన్ని పక్కన పెట్టడం ఎవరికైనా కష్టమే కదా. రెండు పేర్లు మారాయి. కూలిన మూడిళ్లలో రెండింటికి మంజూరు వచ్చింది. మూడో ఇంటివారు అప్పటికే వలస వెళ్లిపోయారు. పుస్తకంలో రాయమన్న ముసలామె ఆ సభకు లేదు, అంతకు ముందే పోయింది.

నేను 2004లో రిటైరయ్యాను. 2006లో ఇందిరమ్మ పథకం కింద ఊళ్లను మూడు విడతలుగా తీసుకుని అర్హులందరికీ ఇస్తామన్నారు. 2016లో ఇందిరా ఆవాస్ స్థానంలో ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చి, మైదానంలో ఇంటికి 1,20,000 రూపాయలయింది. 2011 సామాజిక ఆర్థిక గణన నుంచి తీసిన జాబితాను గ్రామసభ సరిచూడాలన్నారు. జాబితా యంత్రంలో పుట్టినా సభ ముందుకు రాక తప్పలేదు.

2025 జనవరిలో మా అమ్మాయి ఉండే తెలంగాణ పల్లెకు వెళ్లినప్పుడు అక్కడ గ్రామసభ జరుగుతోంది. రేషన్ కార్డులు, ఐదు లక్షల ఇందిరమ్మ ఇళ్లు వగైరా జాబితాలు చదువుతున్నారు. "మా పేరెందుకు లేదు?" అని జనం లేచి గట్టిగా అడుగుతున్నారు, పోలీసులు కూడా ఉన్నారు. అల్లుడు "గొడవగా ఉంది, పోదాం మామయ్యా" అన్నాడు. "నువ్వు పద నాయనా, నేనొస్తా" అని ముందుకు వెళ్లి, బల్ల దగ్గర కూర్చున్న కుర్రాడి భుజం మీదుగా పుస్తకంలోకి చూశాను. పేజీ సగం ఖాళీగా ఉంది. కుర్రాడు రాస్తున్నాడు.